స్ట్రాబెర్రీ మొక్కను తెచ్చిన కోటల ఇంజనీరు

ఫ్రెంచి భాషలో స్ట్రాబెర్రీ పండును ఫ్రేజ్ అందురు. ఆ పండు పేరే ఇంటిపేరుగా గల ఒక సైనిక ఇంజనీరు దక్షిణ అమెరికా పడమటి తీరమునుండి ఐదు స్ట్రాబెర్రీ మొక్కలను ఓడలో తెచ్చి ఐరోపాకు పరిచయము చేసెనన్నచో ఎవరో కల్పించిన కథయని తోచును. కాని అది జరిగిన సంగతి. ఆ ఇంజనీరు అమేదే ఫ్రాంస్వా ఫ్రెజియరు. నేడు ఏ దేశమున ఏ పెరటిమడిలోనైనను, ఏ కుండీలోనైనను ఎఱ్ఱని పెద్ద స్ట్రాబెర్రీ పండుచున్నదనిన అందు ఆయన తెచ్చిన జాతి అంశ కలదు.

ఫ్రెజియరు 1682వ సంవత్సరము జూలై 4వ తేదీన సవాయ్ దేశమున చంబేరి పట్టణములో జన్మించెను. ఆల్ప్స్ పర్వతముల యొడిలోనున్న ఆ దేశము అప్పటికి ఫ్రాన్సులో చేరలేదు, 1860లోగాని స్థిరముగా చేరలేదు. ఆయన వంశమునుగూర్చి ఒక ఐతిహ్యము కలదు. 916వ సంవత్సరమున చార్లెస్ అను ఫ్రాన్సు రాజు ఆంట్వెర్ప్ నగరమున విందారగించుచుండగా జూలియస్ ద బెరీ అనునతడు పండిన స్ట్రాబెర్రీల పళ్లెరము తెచ్చి సమర్పించెననియు, రాజు సంతసించి వానికి ఆ పండు పేరే ఇంటిపేరుగా నొసగి కులచిహ్నముమీద మూడు పండ్లను ధరింప ననుమతించెననియు చెప్పుదురు. ఆ వంశీయులే కొందరు సముద్రము దాటి స్కాట్లండులో ఫ్రేజరులైరట. వంశచరిత్రలు వ్రాయువారి కల్పనాశక్తి ఏ దేశమందైనను తక్కువది కాదు గనుక దీనినెంత నమ్మవలెనో చదువరులే నిర్ణయించుకొనవచ్చును.

తండ్రి న్యాయశాస్త్రవేత్త. కుమారుడును ఆ మార్గమున నడువవలెనని ఆయన కోరిక. అందులకే ఫ్రెజియరును పారిస్ నగరమునకు పంపిరి. అచట ఆ యువకుని మనస్సు ధర్మశాసనములమీద నిలువలేదు. లా ఈర్, వారిన్యోన్ వంటి గణితాచార్యుల కడ గణితమును, ఖగోళశాస్త్రమును అభ్యసించెను. పిమ్మట ఇటలీకి పోయి కట్టడముల శిల్పము పరిశీలించి వచ్చి పదాతిదళమున లెఫ్టినెంటుగా చేరెను. 1706లో బాణసంచాపై ఒక గ్రంథము వెలువరించెను. యుద్ధమునకు పనికివచ్చు మందుగుండును గూర్చిన గ్రంథములు అదివరకే పెక్కులుండెను. పండుగలలో వెలుగులు చిమ్ము మందుగుండును విషయముగా గ్రహించుట ఆ గ్రంథపు విశేషము. మరుసటి ఏడు ఆయన సైనిక ఇంజనీర్ల బృందమున చేరి బ్రిటనీ ప్రాంతమందలి సేన్-మాలో రేవుకోటల పనికి నియమితుడయ్యెను.

ఆనాటి రాజకీయ పరిస్థితి తెలిసినగాని తరువాతి కథ బోధపడదు. పదునాలుగవ లూయీ చక్రవర్తి మనుమడు 1700లో స్పెయిన్ సింహాసన మెక్కెను. దానిపై ఐరోపాయంతయు యుద్ధమున మునిగెను. స్పెయిన్ దేశమునకు దక్షిణ అమెరికా వలస రాజ్యములు ప్రాణాధారములు. ఆ తీరములను స్పెయిన్ పరదేశీయులకు మూసియుంచెడిది. మిత్రరాజ్యమైన ఫ్రాన్సు ఓడలనుగూడ అర్ధమనస్కముగానే సహించెడిది. ఆ తీరపు కోటలెట్టివి, ఫిరంగులెన్ని, ఏ రేవున నీటిలోతెంత యనునది ఫ్రెంచి ప్రభుత్వమునకు తెలియవలసియుండెను. అందుకు కోటలు కట్టనేర్చిన కన్నులు గలవాడు కావలెను. 1711లో ఆ పనికి ఫ్రెజియరు ఎన్నికయ్యెను.

1712 జనవరి 7వ తేదీన ఆయన సేన్ జోసెఫ్ అను వర్తకపు ఓడ నెక్కి సేన్-మాలో రేవును విడిచెను. కొమ్ము అగ్రమను భయంకరమైన దక్షిణాగ్రమును చుట్టి, నూట అరువది దినములు సముద్రముమీద గడపి, జూన్ 16వ తేదీన చిలీదేశమందలి కన్సెప్సియోన్ రేవు చేరెను. అచట ఆయన వర్తకుని వేషము దాల్చెను. అధికారులతో చెలిమి చేయుట, వారి యిండ్లకు విందులకేగుట, కోటగోడలకడ సాయంకాలము విహరించుట, బసకు వచ్చి చూచినదంతయు పటములుగా గీసికొనుట, ఇదియే నిత్యకృత్యము. రెండేండ్లకు మించిన ఆ యాత్రలో వాల్పరైసో, సంతియాగో మొదలు ఉత్తరమున పెరూలోని లీమా, కయ్యావో రేవులవరకు తీరమంతయు తిరిగెను. గూఢచారియే యైనను ఆయన దృష్టి ఫిరంగులకడనే ఆగలేదు. గనులలో వెండి నెట్లు తీయుదురో, జనులేమి ధరింతురో, ఏ చెట్టు ఏ రోగమునకు మందో అన్నియు గమనించి వ్రాసికొనెను. ఆ చూపే ఆయనను తోటలకడకు నడిపించినది.

కన్సెప్సియోన్ పరిసరములలో పొలములకు పొలములే స్ట్రాబెర్రీ సాగు జరుగుచుండెను. ఆ పండ్లు అక్రోటుకాయంత యుండెడివి. ఒక్కొకటి కోడిగుడ్డంతకూడ నుండెడిది. రంగు తెలుపుమీద లేత ఎరుపు. ఆకులు ఐరోపా మొక్క ఆకులకంటె గుండ్రనివి, మందమైనవి, నూగు గలవి. రుచిలో మాత్రము తమ దేశపు అడవిపండుకు కొంచెము తీసికట్టని ఫ్రెజియరు నిర్మొగమాటముగా వ్రాసెను. ఐరోపావారికి అప్పటివరకు తెలిసినది ముఖ్యముగా వ్రేలికొనంతటి అడవి స్ట్రాబెర్రీ. రాజులు దానినే తోటలలో నాటించుకొనెడివారు. అది సువాసనకు ప్రసిద్ధము. గిన్నెడు నిండుటకు గంపెడు ఓపిక కావలెను. ఉత్తర అమెరికాలోని వర్జీనియానుండి వచ్చిన ఎఱ్ఱని జాతి పదునేడవ శతాబ్దినుండియు కొన్ని తోటలలో నుండెను గాని అదియు చిన్నపండే.

చిలీలోని ఆ పెద్ద పండు అడవిలో దానంతట పుట్టినది కాదు. సముద్రతీరపు ఇసుకనేలలలో పెరుగు మొక్కలనుండి మంచివానిని ఏరి, వాని పిలకలను నాటి, తరతరములుగా దానిని పెంచి పెద్దచేసినవారు మపూచే మొదలగు ఆ నేలబిడ్డలు. స్పెయినువారు రాకముందే వారు ఆ సేద్యము చేయుచుండిరి. వారిలో ఒక్కని పేరైనను చరిత్రకెక్కలేదు. ఫ్రెజియరు కీర్తిని చెప్పుకొనునపుడు ఈ సంగతి మరచుట న్యాయము కాదు.

1714 ఫిబ్రవరి 19వ తేదీన ఆయన కన్సెప్సియోన్ విడిచి తిరుగు ప్రయాణమయ్యెను. పటముల కట్టలతోపాటు స్ట్రాబెర్రీ మొక్కలనుగూడ ఓడ కెక్కించెను. ఇచటినుండి ఆరు మాసముల ప్రయాణము. మరల దక్షిణాగ్రపు చలి, ఆ మీద భూమధ్యరేఖ యెండ. ఓడమీద మంచినీరనగా బంగారముతో సమానము. పీపాలలో పోసియుంచిన నీటిని నావికులకే కొలిచి యిత్తురు. నాలుగువైపుల నీరే యున్నను అందొక చుక్కయైనను త్రాగుటకు పనికిరాదు, మొక్కకు పోయుటకును పనికిరాదు. ఉప్పునీటి తుంపర తగిలిననే లేతచిగురు మాడును. అట్టి స్థితిలో ఫ్రెజియరు సరకుల అధికారిని అడిగి మొక్కలకు మంచినీరు సంపాదించెను. దినదినమును నీరుపోసి ఎండనుండి, గాలినుండి వానిని కాపాడుకొనుచు ఆగస్టు 17వ తేదీన మార్సేల్స్ రేవున దిగెను. అప్పటికి ప్రాణములతో నున్నవి ఐదు మొక్కలు.

ఐదింటిలో రెండు నీరిచ్చిన అధికారికి దక్కెను. అది ఒప్పందమో కృతజ్ఞతయో గాని న్యాయమైన పంపకమే. ఒకటి కోటల శాఖకు సర్వాధికారియైన పెలెత్యే ద సూజీకి కానుకగా పోయెను. ఇంకొకటి పారిస్‌లోని రాజోద్యానమున అంత్వాన్ ద జుస్యూ అను వృక్షశాస్త్రజ్ఞునకు చేరెను. మిగిలినదానిని ఫ్రెజియరు తాను ఉంచుకొనెను.

రాజు వద్ద పటములకు మన్నన లభించెను. వృద్ధుడైన పదునాలుగవ లూయీ వానిని చూచి సంతసించి బహుమతి నిచ్చెను. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూసెను. 1716లో ఫ్రెజియరు యాత్రాగ్రంథము పారిస్‌లో అచ్చయ్యెను. ఏడాది తిరుగకుండ ఇంగ్లీషులోనికి తర్జుమా యయ్యెను. తోకచుక్కతో పేరు ముడివడిన ఎడ్మండ్ హాలీ ఆ తర్జుమాకు అనుబంధము వ్రాసెను. ఫ్రెజియరుకంటె కొంచెము ముందుగా అదే తీరమున పర్యటించిన లూయీ ఫ్యుయే అను మతగురువునకును ఆయనకును కొలతల తప్పొప్పులపై పెద్ద వాదము నడచెను. ఇద్దరును పండితులే, ఇద్దరును పట్టుదల గలవారే. ఆ వాదమును నేడు ఎవరును చదువరు.

ఇక మొక్కల సంగతి. నాటినచోటనెల్ల అవి చక్కగా నాటుకొనెను. స్ట్రాబెర్రీ మొక్క నేలనంటి పిలకతీగలు సాచును. తీగకొన నేలతాకినచోట వేరూని కొత్తమొక్క పుట్టును. ఆ విధముగా ఒకటి పదియై, పది నూఱై, రాజోద్యానమునుండి హాలండు తోటలకు, అచటినుండి 1727లో ఇంగ్లండునకు చేరెను. ఆకులు దట్టముగా వచ్చెను, పూవులు పూసెను. పండ్లు మాత్రము కాయలేదు. పూచిన పూవు పూచినట్లే వాడిపోయెను. కోడిగుడ్డంత పండు కాయునని విని ఆశతో నాటుకొన్న తోటమాలులు విసిగి పెకలించి పారవైచిరి. ఫ్రెజియరు అసత్యమాడెనని పైకి అనకున్నను మనసులో అనుకొన్నవారు లేకపోలేదేమో.

కారణము మొక్కలోనే యుండెను. చిలీ స్ట్రాబెర్రీలో పెక్కు మొక్కలు తాటిచెట్లవలె ఆడ, మగ వేరుగా నుండును. మనదేశపు పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పోతుతాడు కాయలు కాయదని పల్లెలో ఎవరిని అడిగినను చెప్పుదురు. ఫ్రెజియరు బహుశా పండ్లు బాగుగా కాచిన మొక్కలనే ఏరియుండును. పండ్లు కాయునవి ఆడమొక్కలు. తెచ్చిన ఐదును ఆడవే. వాని పిలకలన్నియు తల్లివంటివే గనుక ఎన్ని వేలైనను అన్నియు ఆడవే. పుప్పొడి నిచ్చు మగమొక్క సముద్రమునకు ఆవల నుండిపోయెను. ఎంత శ్రద్ధగా ఎన్నుకొనెనో అంత శ్రద్ధయే ఆయన మొక్కలను గొడ్డువోవజేసినది.

పుప్పొడి సోకనిచో పండేల రాదనుటకు లోతైన సమాధానము మరి రెండువందల యేండ్లకుగాని లభింపలేదు. స్ట్రాబెర్రీలో మనము తినుభాగము నిజమునకు ఫలము కాదు. పూవు క్రిందనుండు పీఠము ఉబ్బి కండపట్టినది. దానిపై గింజలవలె కనబడు చిన్నచిన్న చుక్కలే అసలు ఫలములు. 1950లో నిట్ష్ అను శాస్త్రజ్ఞుడు లేతపండుపైనున్న ఆ చుక్కలను గిల్లివైచి చూడగా కండ ఎదుగుట ఆగిపోయెను. కొంతభాగమున నుంచిన, ఆ భాగమే ఎదిగెను. వానిలో పుట్టు ఆక్సిన్ అను పదార్థము కండను ఉబ్బించుచున్నది. పెరటిలో స్ట్రాబెర్రీ పెంచువారికి ఒక్కొకప్పుడు ఒకప్రక్క నొక్కుపడి వంకరవోయిన పండ్లు కనబడును. ఆ ప్రక్కనున్న గింజలకు పుప్పొడి చక్కగా అందలేదనుటకు అది గుర్తు. తేనెటీగలు రాని మూల కుండీ పెట్టినను ఇట్లగుట కలదు. ఫ్రెజియరు మొక్కలలో ఒక ప్రక్క కాదు, పూవంతయు అట్లయ్యెను.

ఈలోగా ఫ్రెజియరు జీవితము కోటలవెంట సాగిపోయెను. 1719లో ఆయనను కరిబియను సముద్రమందలి సెంట్ డొమింగ్‌కు పంపిరి. అచట కొన్నియేండ్లు పటములు గీయుచు, కోటల నక్షాలు వేయుచు గడపి ఆ వేడిదేశపు జ్వరముల వాతబడి తిరిగివచ్చెను. 1728లో సేన్ లూయీ పతకము లభించెను. తరువాత జర్మను సరిహద్దుకడ లాండావు కోటలో పనిచేయుచు, రాళ్లను కొయ్యలను కమానులకు తగినట్లు చెక్కు విద్యపై మూడు సంపుటముల ఉద్గ్రంథము రచించెను. 1737-39 నడుమ వెలువడిన ఆ గ్రంథము రేఖాగణితమును శిల్పి ఉలిముందునకు తెచ్చినది. వాస్తుచరిత్రకారులు ఆయనను తలచునది దీనికొఱకే. వారిలో కొందరికి స్ట్రాబెర్రీ మాటయే తెలియదు.

ఏబదియేడేండ్ల ప్రాయమున ఆయన బ్రిటనీ ప్రాంతపు కోటలన్నింటికి అధిపతియై బ్రెస్ట్ రేవుపట్టణమున స్థిరపడెను. బ్రెస్ట్ అఖాతమునకు ఆవలియొడ్డున ప్లుగస్తెల్ అను ద్వీపకల్పము కలదు. సముద్రపుగాలి సోకు ఆ నేలలో మంచుదెబ్బ తక్కువ. చిలీ మొక్కకు పుట్టింటివంటి వాతావరణము. 1740 తరువాత ఆ మొక్క బ్రెస్ట్ తోటలనుండి ఆ రైతుల పెరళ్లకు ప్రాకెను. వారు గ్రంథములు చదివినవారు కారు. ఇతర స్ట్రాబెర్రీ జాతులు ప్రక్కనున్న మడిలో చిలీ మొక్క కాయుచున్నది, ఒంటిగానున్నచోట కాయుటలేదు. ఇది వారు కన్నులతో చూచిరి. అంతట చిలీ మొక్కల వరుసల నడుమ వర్జీనియా మొక్కలను, కస్తూరివాసన గల మరియొక ఐరోపా జాతిని నాటసాగిరి. పెద్దపండ్లు కాచెను. విద్వాంసులు గొడ్డుమొక్కయని త్రోసివైచినది పడవలకెక్కి బ్రెస్ట్ సంతకు రాసాగెను. ఆ పట్టణముననే నివసించుచున్న వృద్ధ ఇంజనీరుకు తాను తెచ్చిన మొక్క ఫలించుట కన్నులార చూచు భాగ్యము ఈ విధమున కలిగెను.

రైతులు కనుగొన్నదానికి హేతువు చెప్పినవాడు ఒక బాలుడు. వెర్సాయిలో రాజభవనశాఖ ఉద్యోగి కుమారుడైన అంత్వాన్ నికొలా ద్యుషేన్ 1747లో పుట్టెను. బెర్నార్ ద జుస్యూ శిష్యరికమున స్ట్రాబెర్రీ జాతులన్నింటిని కుండీలలో పెంచుచు, ఒక్కొక్క పూవును విప్పి పరీక్షించుచు ఉండెడివాడు. చిలీ పూవులలో అండకోశములు నిండుగా నున్నవి, కేసరములు మాత్రము పుప్పొడిలేని గొడ్డువి. ఆ పూవులకు కస్తూరి స్ట్రాబెర్రీ పుప్పొడిని సోకించి, కాచిన పెద్దపండ్లతో కుండీని 1764 జూలై 6వ తేదీన పదునైదవ లూయీ రాజునకు చూపెను. అప్పటికి అతనికి పదునేడేండ్లు నిండలేదు. రాజు మెచ్చి, ట్రియనాన్ ఉద్యానమున స్ట్రాబెర్రీ జాతులన్నింటిని కూర్చుటకు అనుమతి నొసగెను. 1766లో ద్యుషేన్ స్ట్రాబెర్రీల చరిత్రను గ్రంథముగా ప్రకటించెను. ఫ్రెజియరు మొక్కల కథ అందు నమోదైనది. అప్పటికి తోటలలో అనాసవాసన గల ఒక కొత్త పెద్ద స్ట్రాబెర్రీ పుట్టియుండెను. ఎవరును దాని పుట్టుక చెప్పజాలకుండిరి. అది చిలీ తల్లికి వర్జీనియా తండ్రికి కలిగిన సంకరజాతియని ద్యుషేన్ ఊహించెను. ఆ ఊహ సరియైనది. రెండు జాతులకును క్రోమోజోములు ఏబదియారేసి; అందుచేతనే వాని సంతానము చక్కగా విత్తనము కట్టగలిగినది. ఐరోపా అడవిజాతికి పదునాలుగే గనుక అది ఈ వియ్యమునకు తగదు. క్రోమోజోములన్న మాటయే పుట్టని కాలమున కుండీలను చూచి ఈ సంగతి గ్రహించుట సామాన్యము కాదు.

తల్లినుండి పరిమాణము, తండ్రినుండి ఎరుపు, వాసన వచ్చిన ఆ సంకరజాతియే నేటి తోట స్ట్రాబెర్రీ. దాని పూవులలో అండకోశము, కేసరములు రెండును ఉండును గనుక ఇంటిముంగిట ఒక్క కుండీ యున్నను పండ్లు కాయును. నాటునపుడు మొక్క మొదటనున్న కుదురు మట్టిలో కూరుకుపోకుండ నేలమట్టమునకే యుండవలెను. పండ్లు తడినేల తాకి కుళ్లకుండ క్రింద గడ్డి పరువవలెను. మూడు నాలుగు కాపులకు పాతమొక్కలను తీసి పిలకలను నాటవలెను. మహారాష్ట్రలోని మహాబలేశ్వరము కొండలలో పండునదియు, ఆంధ్రదేశమున అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి మన్యములో చలికాలమున గిరిజన పల్లెల ప్రక్క మడులలో ఎఱ్ఱబడునదియు ఈ జాతియే.

ఫ్రెజియరు 1764లో, ఎనుబదిరెండేండ్ల వయసున, ఉద్యోగమునుండి విశ్రాంతి పొందెను. ద్యుషేన్ రాజునకు కుండీ చూపినదియు ఆ యేడే. బ్రెస్ట్ లోనే మరి తొమ్మిదేండ్లు జీవించి 1773 అక్టోబరు 26వ తేదీన తొంబదియొకటవ యేట కన్నుమూసెను. 1944లో జరిగిన ముట్టడిలో బ్రెస్ట్ పట్టణము బాంబుల వర్షమున దాదాపు నేలమట్టమయ్యెను. ఆయన చేయివడిన సేన్ లూయీ దేవాలయమును ఆ మంటలలోనే పోయెను. అఖాతమునకు ఆవల ప్లుగస్తెల్ మాత్రము స్ట్రాబెర్రీలకు పేరు పోగొట్టుకొనలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో అచటినుండి ఓడలలో పండ్లు ఇంగ్లండునకు పోయెడివి. ఇప్పుడచట స్ట్రాబెర్రీ చరిత్రను చూపు వస్తుప్రదర్శనశాల ఒకటి కలదు.